ఆళ్ళగడ్డ తరుగు

నంద్యాల మార్కెట్ యార్డులో వడ్లు కొనే ఏ వ్యాపారీ బస్తాను బస్తాగా లెక్కపెట్టడు. తేమకింత, తాలుకింత, గోనెసంచికింత అని తీసేసి, మిగిలినదాన్నే బరువంటాడు. ఆ తీసేసేదాని పేరు తరుగు. రాకేశ్ వాళ్ళ తాత తీశాడు, నాయన తీశాడు, ఇప్పుడు రాకేశ్ తీస్తున్నాడు. తరుగు తీయడం అతనికి చొక్కా గుండీలు పెట్టుకోవడంలాంటిది. చేశాక చేసినట్టు కూడా గుర్తుండదు.

వడ్లు కాక అతనికున్న రెండో లోకం ఫుట్‌బాల్. ఆడేదేమీ లేదు, నలభై దగ్గరపడేసరికి పొట్ట అడ్డమొచ్చింది. లెక్కలు కట్టడమే. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఫోన్లో విదేశీ లీగుల ఫాంటసీ ఆడేవాడు. నిజంగా ఆడే ఆటగాళ్ళలోంచి మనకు నచ్చిన పదకొండు మందిని ఉత్తుత్తి రేటుకు కొనుక్కోవాలి. వాళ్ళు మైదానంలో ఎంత బాగా ఆడితే మనకు అన్ని పాయింట్లు. చవగ్గా కొని బాగా ఆడించుకున్నవాడిదే గెలుపు. ఇంతకంటే వ్యాపారిని పట్టేసే ఆట ఇంకొకటి ఉండదు.

రెండేళ్ళ కిందట ఆ ఆటను అతను సొంత గడ్డకు దించాడు. ఇక్కడ నల్లమల లీగ్ అని ఒకటి నడుస్తుంది. నంద్యాల వైపు నాలుగు జట్లు, ఆళ్ళగడ్డ వైపు నాలుగు. ఆదివారాల్లో మ్యాచ్‌లు, కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ. ఎవరో ఒకరు వీడియో తీసి పంపుతారు. రాకేశ్ కూర్చుని చూసి గోలుకింత, గోలుకు అందించిన పాసుకింత, ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కున్నందుకింత అని పాయింట్లు వేస్తాడు. మ్యాచ్‌కు సగటు కట్టి ఆటగాళ్ళకు ర్యాంకులిస్తాడు. ర్యాంకును బట్టి రేటు. వాట్సాప్ గుంపులో జనం ఆ రేట్లకు తమ జట్లు కొనుక్కుంటారు. దుడ్లు లేవు, పందెం లేదు. వారం గెలిచినవాళ్ళ ఫోటో గుంపుకు బొమ్మగా పెడతారు, అంతే. ఆ అంతే కోసమే రెండు ఊళ్ళవాళ్ళు వారమంతా ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు.

ఆటను ఆటగా ఉంచి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. కోచ్ క్రాంతి కుమార్ దాన్ని పనిలోకి దించాడు. అనంతపురంలో జరిగే ఇరవై ఒక్కేళ్ళ లోపు వాళ్ళ పోటీలకు ఏటా ఈ ప్రాంతం నుంచి పదహారు మందిని ఎంపిక చేయాల్సింది ఆయనే. ఆ కాలం వస్తే చాలు, ఆయన ఫోను వేడెక్కిపోయేది. ఫలానా నాయకుడి బావమరిది కొడుకు, ఫలానా కాంట్రాక్టరు తమ్ముడు. విసిగిపోయి పోయినేడు రాకేశ్ కొట్టుకొచ్చాడు.

"నీ లిస్టుకు కులం ల్యా, పార్టీ ల్యా శెట్టీ. పైనుంచి పదహారు మందిని తీసుకుంటా. ఎవడన్నా అడిగితే నీ లెక్క మొగాన కొడతా" అన్నాడు.

ఆ మాటకు రాకేశ్ మనసు ఉప్పొంగింది. యార్డులో ఎందరి నోట్లోనో పడ్డ తన తక్కెడను ఊరంతా న్యాయానికి గుర్తుగా చూస్తోందంటే పొంగదా మరి?

ఈ ఏటి లిస్టు గురువారం గుంపులో పడింది. పదహారో పేరు గడివేముల హర్షది. పదిహేడో పేరు ఆళ్ళగడ్డ అంకన్నది. శుక్రవారం పొద్దున్నే ఆళ్ళగడ్డ జట్టును నడిపే దేవదానం బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చాడు. శిల్పాలు చెక్కే షెడ్డులో పని అతనికి. చొక్కా మార్చుకున్నాడు గానీ కనుబొమల మీద రాతిపొడి అలాగే ఉంది.

"రాప్పా దేవదానం, కూర్చో. టీ చెప్తా."

"టీ తాగనీకి ఆళ్ళగడ్డ నుంచి రావాల్నా? మా అంకన్న పదిహేడో వాడు యట్లయినాడో చెప్పు, పోతా."

రాకేశ్ లాప్‌టాప్ అతని వైపు తిప్పాడు. "నువ్వే చూడు. హర్ష సగటు 6.20. మీవోనిది 6.16. తక్కెడ నాకేమన్నా మామనా? ఎంత చూపిస్తే అంత."

"నీ తక్కెడ సంగతి రైతులనడిగితే చెప్తారులే."

బస్తాలు దించుతున్న హమాలీలు కిసుక్కుమన్నారు. రాకేశ్ కూడా నవ్వేశాడు. యార్డులో ఆ మాట పడని వ్యాపారి ఉండడు.

దేవదానం మాత్రం నవ్వలేదు. "నేను చదువుకోల్యా శెట్టీ. కానీ ఆట చూస్తా. హర్ష మంచోడే, కాదన్ను. మావోడు వాని కన్నా ఒక మెట్టు పైనోడు. ఆ సంగతి హర్షనడిగినా చెప్తాడు. మరి మావోడు మా గ్రౌండులో గోలు కొడితే ఈడికొచ్చేసరికి ముప్పావు గోలైతాందా ఏంది?"

"లెక్కకు ఊరు తెలీదప్పా."

"వానికి తెలుస్తాది. వచ్చే ఫిబ్రవరికి వానికి ఇరవై ఒకటి నిండుతాది. ఇదే ఆఖరు. అనంతపురం పోయి ఆడితే సర్టిఫికెట్ వచ్చాది, పోలీసు సెలక్షన్లో పనికొచ్చాది. ల్యాకుంటే అహోబిలం జీపే వాని బతుకు." లేచి నిలబడ్డాడు. "రేపు సాయంత్రం ఐదుకు కోచ్ పేర్లు పంపుతాండాడు. నీ తక్కెడను ఇంగోసారి దులిపి చూడు."

అంకన్నది అహోబిలం దగ్గరి చెంచు గూడెం. ఎవరిదో జీపు నడుపుతూ భక్తులను ఎగువ అహోబిలానికి చేరవేస్తుంటాడు. వీడియోల్లో అతని ఆటను రాకేశ్ ఎన్నోసార్లు చూశాడు. ఎదురుగా ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఇంటికి భోజనానికి పోయేసరికి దేవదానం మాట మర్చిపోయాడు. గుర్తు చేసింది భార్య సుబ్బలక్ష్మి. ఆమె కూడా గుంపులో ఉంది. నెలన్నరగా గుంపు బొమ్మ మీద ఆమె ఫోటోనే ఉంది. యార్డులో జనం దాన్ని చూసి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని రాకేశ్‌ను ఏడిపిస్తున్నారు.

"ఈ వారం కూడా నీదేనంట గదా" అన్నాడు చారు పోసుకుంటూ.

"నాదే. మీ గుంపులో మగోళ్ళకు మీసాలుండాయి గానీ బేరం రాదు."

"లెక్కలు చెప్పింది నేను. గెలిచేది నువ్వు. నాకు తెలీకుండా ఏం చేస్తాండావో చెప్పు."

"ఏముంది? ఆళ్ళగడ్డోళ్ళనే కొంటా. వాళ్ళు ఎప్పుడూ చవగ్గానే ఉంటారు గదా. అందులోనూ వాళ్ళు ఈడికొచ్చి ఆడే వారమైతే ఇంగా ఇద్దర్ని ఎక్కువ కొంటా. ఏమో, నంద్యాల గాలి పడతాదేమో, ఈడ ఆడితే వాళ్ళకు పాయింట్లు బలే పడతాయి."

ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

ఒకే అంగట్లో ఒకే సరుకు ఒక మనిషికి వారం వారం చవగ్గా దొరికి, వారం వారం లాభం తెస్తోందంటే అది కొన్నవాళ్ళ అదృష్టం కాదు. అమ్మేవాడు రేటు తప్పు కట్టాడని. ఇది వ్యాపారంలో మొదటి పాఠం. నెలన్నరగా ఆ పాఠం తన ఇంట్లోనే కూర్చుని నవ్వుతుంటే, అతను ఆడదాని అదృష్టం అనుకుంటూ వచ్చాడు.

చేయి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాడు. ఎక్కువసేపు వెతకాల్సిన పని పడలేదు. ఆళ్ళగడ్డలో జరిగిన ప్రతి మ్యాచ్ పాయింట్లనూ ఐదో వంతు కోసేయమని ఒక సూత్రం ఉంది. మొదటి రోజు తనే రాశాడు. ఆళ్ళగడ్డ గ్రౌండు చిన్నదని, అక్కడ గోల్స్ సులభంగా పడతాయని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా గుర్తు రాలేదు. కె.సి. కాలువ కింద నుంచి వచ్చే వడ్లు తేమగా ఉంటాయని, గింజ యంత్రంలో వేయకముందే చేయి తరుగు రాసేస్తుంది చూడండి, అలా రాసేశాడు. రాసి మర్చిపోయాడు. నంద్యాల జట్లు అక్కడికి పోయేది ఎప్పుడో ఒకసారి కాబట్టి వాళ్ళకు ఆ కోత తగిలీ తగలనట్టు తగిలింది. సగానికి పైగా మ్యాచ్‌లు సొంత గ్రౌండులోనే ఆడే ఆళ్ళగడ్డ వాళ్ళను మాత్రం నిలువునా కోసింది.

తరుగుకు కారణం నిజంగా ఉందా లేదా అని అప్పుడు చూడని లెక్క ఇప్పుడు చూశాడు. అవే కాళ్ళు అక్కడ ఎన్ని పాయింట్లు తెచ్చాయి, ఇక్కడ ఎన్ని తెచ్చాయి? కోత తీసేసి పక్కపక్కన పెడితే ఒక్కొక్కరిదీ ఇంచుమించు సమానంగా వచ్చింది. ఆళ్ళగడ్డ గోలులో తేమ లేదు.

కొత్త సగటులు కట్టాడు. ఆళ్ళగడ్డ వాళ్ళందరూ ఎంతో కొంత పైకి జరిగారు గాని, పదహారో గీత దాటి లోపలికొచ్చింది ఒక్కడే. అంకన్న, 7.00, తొమ్మిదో స్థానం. గీత కిందికి జారింది కూడా ఒక్కడే. హర్ష.

పక్కన నిలబడి చూస్తున్న సుబ్బలక్ష్మి ఫోను తీసి గుంపు బొమ్మ మీదున్న తన ఫోటో చూసుకుంది. తర్వాత అంది: "అయితే ఇన్నాళ్ళు నేను గెలిచింది ఆ పిల్లోళ్ళ మీదనా?"

రాకేశ్ మంచం మీద వాలి, పైకి చూస్తూ లాభనష్టాలు బేరీజు వేశాడు. నోరు మూసుకుంటే సంగతి ఇంటి గోడలు దాటదు. పేరు నిలుస్తుంది, హర్ష అనంతపురం పోతాడు, అంకన్న జీపు నడుపుకుంటాడు. నోరు విప్పితే పేరు పోతుంది, ఒక పిల్లవాడి నోటికాడ కూడు ఇంకొకడికి తీసివ్వాలి, కోచ్ తిడతాడు, ఊరు నవ్వుతుంది. ఎలా చూసినా నోరు మూసుకోవడమే లాభం. మరి అంత లాభమున్న బేరంలో తనకు కునుకెందుకు పట్టడం లేదో అర్థం కాక, నాలుగు గంటలకు లేచి కోచ్‌కు ఫోన్ చేశాడు.

విన్నాక క్రాంతి కుమార్ మొదటి మాట, "పట్టపగలే తాగినావా శెట్టీ?"

"లేదు సార్. తప్పు నాదే."

"నీదే. నాకు చెప్పినావు సరే, ఊరికెవడు చెప్తాడు? ఊరికే పేరు మారిస్తే నేను దుడ్లు తిని మార్చినానంటారు. రేపు ఐదు లోపల గుంపులో నువ్వే రాయి, తప్పు యాడ జరిగిందో విప్పి రాయి. అప్పుడు మారుస్తా. అంకన్న వచ్చి సంతకం పెట్టాల. ఇంగోటి, గడివేములోళ్ళకు నేను చెప్పను. ఆ మొగం కూడా నువ్వే చూసుకో."

బండి తీసి గడివేముల బయల్దేరాడు. చెడు కబురు ఫోన్లో చెప్పేవాడి ముందు జనం తలుపు మూస్తారని నాయన అనేవాడు. ఎదురుగా పోయి చెప్పేవాణ్ణి కనీసం తిడతారు. తిట్టినవాళ్ళు మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు పలకరిస్తారు.

హర్ష వాళ్ళమ్మ మహానందమ్మ వాకిట్లో పశువులకు కుడితి పెడుతోంది. ఆమె భర్త పుల్లయ్య వడ్లు ఏటా రాకేశ్ కొట్టుకే వస్తాయి. రాకేశ్‌ను చూడగానే బకెట్ పక్కన పెట్టేసింది.

"రా నాయనా రా. నువ్వే వచ్చినావే! ఒరే హర్షా, శెట్టి వచ్చినాడు చూడు. మా ఆయన ఊర్లో అందరికీ చెప్తాండాడు, శెట్టి కాటా కాడ గట్టోడు గానీ పిల్లోళ్ళ కాడ ధర్మరాజని."

చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. తాగకముందే చెప్పాలనుకున్నాడు. చెప్పలేక సగం తాగాడు. మిగతా సగం చేతిలో ఉండగా చెప్పాడు.

హర్షకు పంతొమ్మిదేళ్ళుంటాయి. గడప మీద కూర్చుని మొత్తం విన్నాడు.

"నేనేం తప్పు చేసినా అన్నా?"

"నువ్వేం చేయల్యా."

"మళ్ళ?"

ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి రాకేశ్, "నీకింగా రెండేళ్ళుంది హర్షా" అన్నాడు.

"ఆ రెండేళ్ళూ లెక్క కట్టేది నువ్వేనా?"

మహానందమ్మ ముఖంలో నవ్వు అప్పటికే పోయింది. "మా పిల్లోడు ఆడింది నిజం. నీ లెక్క తప్పు. శిక్ష మా పిల్లోనికా? ఇది యాడి న్యాయం శెట్టీ?"

"న్యాయం కాదమ్మా. కానీ ఆ పిల్లోనికి జరిగిందీ న్యాయం కాదు గదా."

"ఆ పిల్లోని తల్లికి చెప్పుకోపో ఆ మాట." ఆమె చెంబు కోసం చేయి చాపింది. "మా వడ్లకు బస్తాకు ఇంతని తీస్తాండావే, అది కూడా ఇట్లా చూడకనే తీస్తాండావా?"

తేమ యంత్రం ఉందమ్మా అనబోయాడు. ఆ యంత్రాన్ని ఈ ఏడు ఎన్ని బస్తాలకు వాడాడో తలుచుకుని, చెంబు ఆమె చేతికిచ్చి లేచాడు. బండి దాకా ఎవరూ రాలేదు.

తెల్లారి దేవదానానికి ఫోన్ చేస్తే అతను అంతా విని, "వానికి నేను చెప్పను. కోసిన చేయే పోయి అతకాల" అని పెట్టేశాడు. అంకన్న ఫోను కలవలేదు. రాకేశ్ కారులో ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం దారి పట్టాడు. దారిలో గ్రౌండు కనిపిస్తే ఆగి దిగాడు. రెండేళ్ళుగా వీడియోల్లో చూసిన నేల మీద మొదటిసారి కాలు పెట్టాడు. గులకరాళ్ళ నేల, గాలికి వొంగిన గోలు కర్రలు. ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు. నంద్యాల గ్రౌండు కంటే ఇదే నాలుగడుగులు పొడవు. చిన్నదన్నవాడు ఎవడో వాణ్ణి తిట్టుకోవడానికి నోరు రాలేదు.

శనివారం కావడంతో దిగువ అహోబిలంలో జనం బాగానే ఉన్నారు. జీపుల వరసలో మూడోది అంకన్నది. తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. సన్నగా, పొట్టిగా, వీడియోలో కంటే చిన్నవాడిలా ఉన్నాడు.

"ఎగువకేనా అన్నా? ఇంగా నలుగురు రావాల, కూర్చో."

"నేను రాకేశ్‌ను. నంద్యాల. లిస్టు..."

అంకన్న గుడ్డ పిండి బానెట్ మీద ఆరేశాడు. "ఓ. కూర్చో శెట్టీ."

ముందు సీట్లో కూర్చుని రాకేశ్ మొత్తం చెప్పాడు. ఐదో వంతు, తొమ్మిదో స్థానం, సాయంత్రం సంతకం. అంకన్న ఎగిరి గంతేస్తాడని కాదు గాని, ఎక్కడో ఒకచోట ముఖం వెలుగుతుందని అనుకున్నాడు. వెలగలేదు.

"నా కోసం ఎవన్ని తీసేస్తాండారు?"

"హర్ష."

"ఆ గడివేముల డిఫెండరా? బో కష్టపెడతాడు వాడు, పక్కకు పోనీడు." కాసేపు స్టీరింగు మీద వేలితో కొట్టాడు. "చెప్పినావా వానికి?"

"నిన్న పోయి చెప్పినా."

"పోయినేడు కూడా నీ లిస్టే గదా?"

"అవును."

"పోయినేడు మా వెంకట్ చోటు పోయింది. మా ఫార్వర్డు. వానికి అదే ఆఖరేడు. నేను ఆటకు పనికిరానని కంప్యూటరే చెప్పె, ఇంగెవని మింద కోపపడాల అని బంతి ముట్టడం మానేసినాడు. ఇప్పుడు హైదరాబాదులో టైల్స్ పనికి పోయినాడు. ఆ కోత తీసేస్తే వాడు ఎన్నో వాడైతాడు?"

రాత్రి పడుకునే ముందు పోయినేటి లెక్క తెరిచి, తెరిచినంత వేగంగా మూసేసిన సంగతి రాకేశ్ ఇతనికి చెప్పలేదు. "కట్టలేదు."

"కట్టు."

"వయసు దాటిపాయె గదప్పా. ఇప్పుడు కట్టి ఏం..."

"సంతకానికి నేను వచ్చా. రెండు ట్రిప్పులేసుకొని మూడింటికి బస్సెక్కుతా. నాకు ఆ సర్టిఫికెట్ కావాల, కాదన్ను. కానీ నువ్వు గుంపులో రాసేదాంట్లో వాని పేరు కూడా ఉండాల. ల్యాకుంటే నా ఒక్కనికే అన్యాయం జరిగినట్టు ఉంటాది."

రాకేశ్ ఫోన్లోనే పోయినేటి లెక్క తెరిచాడు. కోత తీసేశాడు. వెంకట్ పదకొండో వాడు. సంఖ్యను అంకన్నకు చూపించాడు. అంకన్న దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

రాకేశ్ టైపు చేసి చదివి వినిపించాడు. ఆళ్ళగడ్డ మ్యాచ్‌లకు పొరపాటున ఐదో వంతు పాయింట్లు తగ్గించాననీ, దానివల్ల ఈ ఏడు అంకన్నకు, పోయినేడు వెంకట్‌కు రావలసిన స్థానాలు పోయాయనీ, హర్ష తప్పేమీ లేదనీ.

"పొరపాటున అని ఎందుకు?"

"మళ్ళ ఏం రాయాల?"

"చూడకుండా అని రాయి. నువ్వు చేసింది అదే గదా."

రాకేశ్ ఆ ఒక్క మాట తీసి ఈ మాట పెట్టాడు. పంపాడు. నిమిషంలో కోచ్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "చూసినా. మారుస్తాండా. వాణ్ణి ఐదు లోపల రమ్మను" అని, మంచీ చెడూ ఏమీ అనకుండా పెట్టేశాడు.

అప్పటికి వెనక సీట్లు నిండాయి. ఒక ముసలాయన ముందు సీటు కోసం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"దిగు శెట్టీ, బేరమొచ్చింది" అన్నాడు అంకన్న తాళం తిప్పుతూ.

రాకేశ్ దిగాడు. జీపు దుమ్ము లేపుకుంటూ కొండ దారి పట్టింది. చేతిలో ఫోను అదురుతూనే ఉంది. తిట్లు మొదలయ్యాయనుకుని తెరిచాడు. అన్నిటికంటే ముందు వచ్చింది తిట్టు కాదు. హర్ష గుంపులోంచి తప్పుకున్నాడని ఉంది.